పాత కంప్యూటర్‌లో ఆడియో సీడీ పాడకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ ఇళ్లలో విండోస్ 98 మొదలుకొని విండోస్ 7 దాకా ఏదో ఒకటి నడిచే పాత డెస్క్‌టాప్‌లు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. అన్నమాచార్య కీర్తనలు, హరికథలు, పెళ్లినాటి నాదస్వరం, తాతగారు పాడగా రికార్డు చేయించిన పద్యాలు ఉన్న సీడీలను మళ్లీ వినాలనుకున్న రోజున ఆ కంప్యూటరు మొరాయిస్తుంది. అటువంటి సందర్భంలో దుకాణానికి పరుగెత్తే ముందు తెలుసుకోవలసిన విషయాలు ఇక్కడ ఉన్నాయి. డిస్కు నుంచి స్పీకరు దాకా శబ్దం ఏ దారిన వస్తుందో ముందుగా గ్రహిస్తే, లోపం ఆ దారిలో ఎక్కడుందో ఇంట్లోనే చాలావరకు కనుక్కోవచ్చు.

డిస్కు తిరుగుతోంది, తెరమీద పాట సమయం కూడా కదులుతోంది, కానీ శబ్దం రావడం లేదు. కారణం ఏమిటి?

ఈ పేజీకి వచ్చే వారిలో ఎక్కువ మంది ప్రశ్న ఇదే కాబట్టి దీనికి కొంత వివరంగా సమాధానం చెప్పవలసి ఉంది. పాత కంప్యూటర్లలో ఆడియో సీడీ శబ్దం స్పీకర్లకు చేరడానికి రెండు వేర్వేరు దారులు ఉన్నాయి. మొదటి దారిలో సీడీ డ్రైవే తన లోపలి చిప్పు సాయంతో డిస్కు మీది అంకెలను శబ్దంగా మార్చి, వెనుకవైపు ఉండే నాలుగు పిన్నుల సన్నని తీగ ద్వారా సౌండ్ కార్డుకు గాని, మదర్‌బోర్డుకు గాని నేరుగా పంపుతుంది; దీనిని అనలాగ్ పద్ధతి అంటారు. రెండో దారిలో, అంటే డిజిటల్ పద్ధతిలో, ఫైళ్లు వచ్చే వెడల్పాటి కేబుల్ మీదుగానే పాట కూడా అంకెల రూపంలో వస్తుంది, దానిని శబ్దంగా మార్చే పని సౌండ్ కార్డు చేస్తుంది.

అనలాగ్ పద్ధతిలో నడుస్తున్న కంప్యూటరులో ఆ సన్నని తీగ ఊడిపోతే డ్రైవు తన పని తాను చేస్తూనే ఉంటుంది, సమయం కదులుతూనే ఉంటుంది, శబ్దం మాత్రం ఎక్కడికీ చేరదు. క్యాబినెట్ విప్పి దుమ్ము దులిపినప్పుడో, పాడైన డ్రైవు తీసి కొత్తది బిగించినప్పుడో ఈ తీగను తిరిగి తగిలించడం మరిచిపోవడం చాలా సాధారణం. ఎంపీ3 పాటలు, విండోస్ మోగించే గంటలు అన్నీ సవ్యంగా వినబడుతూ ఆడియో సీడీ ఒక్కటే మూగబోయిందంటే ముందుగా అనుమానించవలసింది దీనినే. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయించుకోవడం ఈ సమస్యకు వైద్యం కాదు. డబ్బు, సమయం రెండూ వృథా.

లోపం డ్రైవులో ఉందా, తీగలో ఉందా అన్నది ఎలా తేల్చుకోవాలి?

డ్రైవు ముందుభాగంలో హెడ్‌ఫోన్ రంధ్రం, చిన్న వాల్యూమ్ చక్రం ఉంటే మీ పని సులువు. ట్రే తెరిచే బొత్తాం పక్కన పాట మొదలుపెట్టే రెండో బొత్తాం కూడా ఉన్న డ్రైవులు, కరెంటు అందితే చాలు, విండోస్ ప్రమేయం లేకుండానే ఆడియో సీడీని పాడతాయి. హెడ్‌ఫోన్ తగిలించి ఆ బొత్తాం నొక్కండి. పాట శుభ్రంగా వినబడితే డిస్కు, లేజరు, డ్రైవు లోపలి చిప్పు మూడూ బాగున్నట్టే. లోపం అక్కడి నుంచి స్పీకరు దాకా ఉన్న భాగంలో ఉంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. విండోస్‌లోని ప్లేయరు డిజిటల్ పద్ధతిలో పాడిస్తున్నప్పుడు ఈ హెడ్‌ఫోన్ రంధ్రంలో శబ్దం రాదు, ఎందుకంటే డ్రైవు అప్పుడు అంకెలను చేరవేస్తుందే తప్ప శబ్దంగా మార్చదు. కాబట్టి డ్రైవు మీది బొత్తాంతోనే పరీక్షించాలి. తర్వాతి కాలంలో వచ్చిన, సన్నని కేబుల్‌తో పనిచేసే సాటా డ్రైవులలో చాలావాటికి ఈ రంధ్రమూ, వెనుక నాలుగు పిన్నుల అమరికా రెండూ ఉండవు.

క్యాబినెట్ విప్పకుండానే దీనిని సరిచేయవచ్చా?

చాలా సందర్భాలలో సరిచేయవచ్చు. దారినే మార్చేస్తే సరిపోతుంది. విండోస్ ఎక్స్‌పీలో ‘మై కంప్యూటర్’ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో హార్డ్‌వేర్ అనే విభాగం నుంచి డివైస్ మేనేజర్‌కు వెళ్లండి. అక్కడ మీ సీడీ డ్రైవు పేరు మీద రెండుసార్లు క్లిక్ చేసి, ప్రాపర్టీస్ అనే ట్యాబ్‌లో ‘ఎనేబుల్ డిజిటల్ సీడీ ఆడియో’ అని మొదలయ్యే గడిలో టిక్కు పెట్టండి. విండోస్ 98 రెండో ఎడిషన్‌లో ఇదే గడి కంట్రోల్ ప్యానెల్‌లోని మల్టీమీడియాలో, సీడీ మ్యూజిక్ అనే ట్యాబ్‌లో ఉంటుంది. విండోస్ మీడియా ప్లేయరు వాడేవారు దాని ఆప్షన్స్‌లో డివైసెస్ విభాగానికి వెళ్లి, డ్రైవు ప్రాపర్టీస్‌లో ప్లేబ్యాక్ కింద డిజిటల్‌ను ఎంచుకోవాలి. 1990ల నాటి కొన్ని డ్రైవులు ఈ పద్ధతికి సహకరించవు. వాటికి సన్నని తీగే శరణ్యం.

వాల్యూమ్ కంట్రోల్‌లో ‘సీడీ ఆడియో’ మీటను ఎంత పెంచినా తేడా కనిపించడం లేదు. ఎందుకు?

ఆ మీట అనలాగ్ దారికి మాత్రమే సంబంధించినది. డిజిటల్ పద్ధతిలో వచ్చే పాట ‘వేవ్’ అనే మీట కిందికి వస్తుంది, అందువల్ల దానిని పెంచాలి. అనలాగ్ పద్ధతిలోనే ఉన్నారనుకుంటే సీడీ మీట కింద ‘మ్యూట్’ గడిలో టిక్కు ఉందేమో చూడండి. ఆ మీట అసలు కనిపించకపోతే వాల్యూమ్ కంట్రోల్ కిటికీలో ఆప్షన్స్, ఆపై ప్రాపర్టీస్ తెరిచి, జాబితాలో సీడీ పక్కన టిక్కు పెడితే ప్రత్యక్షమవుతుంది.

పాట ఆగి ఆగి వస్తోంది, మౌస్ కూడా తడబడుతోంది. డిస్కు పాడైనట్టేనా?

మౌస్ కూడా తడబడుతోందంటే డిస్కు కంటే ముందు కంప్యూటరును అనుమానించాలి. ఐడీఈ కేబుల్‌తో, అంటే పైన చెప్పిన వెడల్పాటి కేబుల్‌తో, పనిచేసే డ్రైవు నుంచి సమాచారం డీఎంఏ పద్ధతిలో వచ్చినప్పుడు ప్రాసెసరు మీద భారం పడదు. పీఐఓ అనే పాత పద్ధతిలో వచ్చినప్పుడు ప్రతి ముక్కనూ ప్రాసెసరే మోయాలి. గీతలు పడిన డిస్కు చదవడంలో పొరపాట్లు పదేపదే దొర్లితే విండోస్ ఎక్స్‌పీ ఆ డ్రైవు వేగాన్ని మెట్టు మెట్టుగా తగ్గించుకుంటూ చివరికి పీఐఓకి దించేస్తుంది. ఆ తర్వాత ఎంత మంచి డిస్కు పెట్టినా అది తనంతట తాను పైకి రాదు. ఒక చెడ్డ డిస్కు చేసిన పనికి మంచి డిస్కులన్నీ నింద మోయడం ఇక్కడే మొదలవుతుంది.

డివైస్ మేనేజర్‌లో ఐడీఈ కంట్రోలర్ల కింద ‘సెకండరీ ఐడీఈ ఛానల్’ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ప్రస్తుతం ఏ పద్ధతి నడుస్తోందో చూడండి. పీఐఓ అని కనిపిస్తే, పై గడిలో ‘డీఎంఏ ఇఫ్ అవైలబుల్’ ఎంచుకోండి. అప్పటికీ మారకపోతే ఆ ఛానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటరును తిరిగి ప్రారంభించండి. విండోస్ దానిని కొత్తగా గుర్తించి పాత లెక్కను మరిచిపోతుంది. కొన్ని యంత్రాలలో డ్రైవు ప్రైమరీ ఛానల్ మీద హార్డ్ డిస్కు పక్కనే ఉంటుంది, అది కూడా చూసుకోవాలి.

మౌస్ మామూలుగా కదులుతూ పాట మాత్రమే తడబడితే డిస్కునో, లేజరు కంటినో పరిశీలించాలి.

సీడీలోని ఫైళ్లను హార్డ్ డిస్కులోకి కాపీ చేశాను, కానీ సీడీ తీసేస్తే పాడడం లేదు. ఏం జరిగింది?

మీరు కాపీ చేసింది పాటలను కాదు. సోనీ, ఫిలిప్స్ సంస్థలు 1980లో కలిసి నిర్ణయించిన ప్రమాణం ప్రకారం ఆడియో సీడీలో ఫైళ్లు అనేవే లేవు; సెకనుకు 44,100 నమూనాల చొప్పున, ఒక్కొక్కటి 16 బిట్లతో, రెండు ఛానళ్లలో శబ్దం ఒకే సుదీర్ఘమైన సర్పిలంగా రాసి ఉంటుంది. ఫలానా పాట ఫలానా నిమిషం వద్ద మొదలవుతుందని చెప్పే పట్టిక డిస్కు మొదట్లో ఉంటుంది. ఆ పట్టికను చూసి విండోస్ మన సౌకర్యం కోసం ‘సీడీఏ’ అనే తోకతో ఫైళ్లు ఉన్నట్టు చూపిస్తుంది. ఒక్కొక్కటి 44 బైట్లు మాత్రమే ఉండే ఆ ఫైళ్లలో పాట ఎక్కడుందన్న చిరునామా తప్ప మరేమీ ఉండదు. పాటలను నిజంగా తీసుకోవడానికి ‘రిప్పింగ్’ చేయాలి. దాని సంగతి చివరి ప్రశ్నలో ఉంది.

ఎంపీ3 పాటలున్న సీడీ బాగానే పనిచేస్తోంది, ఆడియో సీడీ మాత్రం టిక్కు టిక్కుమంటోంది. ఒకే డ్రైవులో ఇంత తేడా ఎందుకు?

రెండింటిలోనూ పొరపాట్లను సరిదిద్దే ఏర్పాటు ఉంది, కానీ సమాచారం ఉన్న సీడీలో దానిమీద మరో పొర కూడా ఉంటుంది. డిస్కు మీది ప్రతి విభాగంలో 2352 బైట్లు పడతాయి. ఆడియో సీడీ ఆ మొత్తాన్నీ శబ్దానికే వాడుకుంటుంది. సమాచార సీడీ 2048 బైట్లే వాడుకుని మిగిలిన చోటులో ఎక్కువ భాగాన్ని తప్పులు దిద్దుకోవడానికి కేటాయిస్తుంది. ఒక్క అక్షరం తప్పినా ప్రోగ్రాము చెడిపోతుంది కాబట్టి అక్కడ ఆ జాగ్రత్త తప్పనిసరి. పాట విషయంలో, సరిదిద్దలేని చోట డ్రైవు ముందూ వెనుకా ఉన్న నమూనాలను చూసి మధ్యలోది ఊహించి పూరిస్తుంది. ఊహకు అందనంత పెద్ద గీత తగిలితే టిక్కుమనే శబ్దంగానో, క్షణం పాటు మౌనంగానో వినబడుతుంది. అందువల్ల ఎంపీ3 సీడీ నడుస్తోంది కాబట్టి డ్రైవుకు ఏ లోపమూ లేదని తీర్మానించకూడదు.

డీవీడీలు ఆడుతున్నాయి, సీడీలు ఏవీ ఆడడం లేదు. ఇది సాధ్యమేనా?

సాధ్యమే. సీడీ చదవడానికి 780 నానోమీటర్ల పరారుణ కాంతి, డీవీడీ చదవడానికి 650 నానోమీటర్ల ఎర్రని కాంతి కావాలి కాబట్టి రెండూ ఆడించే డ్రైవులో రెండు లేజర్లు ఉంటాయి, వాటిలో ఒకటి మాత్రమే బలహీనపడవచ్చు. అంగడిలో అచ్చు వేసిన సీడీలు, ఇంట్లో రాసుకున్న సీడీలు కూడా ఆడకపోయి, డీవీడీలు మాత్రం ఆడుతుంటే డ్రైవు మార్చుకోవడం ఒక్కటే దారి. మార్చే ముందు గాలి ఊదే బల్బుతో లేజరు కన్ను మీది దుమ్మును ఒకసారి ఊదిచూడండి. మన ఊరి రోడ్ల దుమ్ము మామూలుది కాదు. మెట్రో పనులు, ఫ్లైఓవర్ పనులు జరిగిన వీధుల్లోని ఇళ్లలో కంప్యూటరు లోపల దుమ్ము పొరలుగా పేరుకుపోతుంది.

నేను రాసుకున్న సీడీ స్నేహితుల ఇంట్లో పాడుతుంది, మా పాత డ్రైవులో పాడదు. ఎందుకు?

మూడు విషయాలు చూసుకోవాలి. రాయడం ముగిశాక డిస్కును ‘ఫైనలైజ్’ చేసి ఉండాలి, లేకపోతే పాటల పట్టిక పూర్తి కాదు. అది తిరగరాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ అయితే, దాని మీది నుంచి తిరిగి వచ్చే కాంతి అచ్చు సీడీతో పోల్చితే బాగా తక్కువ, అందువల్ల చాలా పాత డ్రైవులకు అది కనిపించనే కనిపించదు. ఇక మూడోది, రాసేటప్పుడు ఆడియో సీడీ అని కాకుండా డేటా సీడీ అని ఎంచుకుని ఉండవచ్చు.

మొదటి పాటలు బాగా వస్తాయి, చివరి పాటలు తడబడతాయి. దీనికి అర్థం ఏమిటి?

సీడీని లోపలి అంచు నుంచి బయటి అంచు వైపుగా చదువుతారు కాబట్టి చివరి పాటలు బయటి అంచుకు దగ్గరగా ఉంటాయి. వేళ్లు తగిలేదీ, అట్టపెట్టెలో రాపిడి పడేదీ, నేల మీద పడ్డప్పుడు దెబ్బ తినేదీ ఆ అంచే. చాలా డిస్కులలో ఇలాగే జరుగుతుంటే మాత్రం లేజరు బండి కదిలే పట్టాల మీద గ్రీజు ఎండిపోయి ఉండవచ్చు. దీనికి విరుద్ధంగా, డిస్కు పెట్టగానే గుర్తించకుండా వెతుకుతూ ఉండిపోతే పాటల పట్టిక ఉండే లోపలి వలయాన్ని పరిశీలించాలి; అక్కడ పడిన చిన్న మరకైనా డిస్కు మొత్తాన్ని మూసేస్తుంది.

డిస్కును ఎలా శుభ్రం చేయాలి?

మెత్తని నూలు గుడ్డతో, మధ్య రంధ్రం నుంచి అంచు వైపుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత పాట దారి వెంటే సాగుతుంది, అప్పుడు వరుసగా పోయిన సమాచారాన్ని డ్రైవు పూరించలేదు. అడ్డంగా పడిన గీతను అది తేలికగానే దాటేస్తుంది. నీరు వాడవలసి వస్తే తాగునీటి ఫిల్టరు నీరు వాడండి. నగరంలో చాలా అపార్ట్‌మెంట్లకు వచ్చే బోరు నీటిలో ఉప్పు శాతం ఎక్కువ, ఆరిన తర్వాత తెల్లని చారలు మిగులుతాయి. పేరు ముద్రించిన పై వైపునే ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలన్న సంగతి చాలామందికి తెలియదు: అద్దంలా మెరిసే పొర ఆ పై ముద్రకు సరిగ్గా కింద, పలుచని వార్నిష్ చాటున ఉంటుంది, అక్కడ గీత పడితే పాట శాశ్వతంగా పోయినట్టే. కింది వైపున మాత్రం ఒక మిల్లీమీటరుకు పైగా ప్లాస్టిక్ రక్షణ ఉంది. టూత్‌పేస్టుతో రుద్దే చిట్కా గురించి అడిగేవారు ఉన్నారు. వేరే ప్రతి లేని డిస్కు మీద ఆ ప్రయోగం చేయవద్దు.

మధ్య రంధ్రం దగ్గర బీట వారిన డిస్కును, బరువైన కాగితపు లేబుల్ సగం ఊడిన డిస్కును వేగంగా తిరిగే డ్రైవులో పెట్టకండి. 52 రెట్ల వేగం గల డ్రైవులో నిమిషానికి దాదాపు పది వేల చుట్లు తిరుగుతున్నప్పుడు అవి ముక్కలైపోయే ప్రమాదం ఉంది.

డ్రైవే కనిపించడం లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

కంప్యూటరు ఆన్ చేయగానే వచ్చే బయోస్ తెర నుంచి. సంవత్సరాల తరబడి వాడని యంత్రంలో మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయి, తేదీతో పాటు డ్రైవుల అమరిక కూడా చెరిగిపోయి ఉండవచ్చు. అది వాచీల దుకాణంలో కూడా దొరుకుతుంది. బ్యాటరీ మార్చి, బయోస్‌లో ఆ ఛానల్‌ను ‘ఆటో’కు పెట్టండి. అక్కడ కూడా డ్రైవు పేరు రాకపోతే కరెంటు ప్లగ్గు, కేబుల్, డ్రైవు వెనుక మాస్టర్, స్లేవ్ అని గుర్తులున్న చోట పిన్నులను కలిపే చిన్న బిళ్ల, అంటే జంపరు చూసుకోవాలి. ఒకే కేబుల్ మీద రెండు పరికరాలు మాస్టర్‌గా ఉంటే రెండూ కనిపించకుండా పోవచ్చు.

బయోస్‌లో పేరు వస్తూ విండోస్‌లో పసుపు గుర్తు కనిపిస్తే, సీడీలు రాసే పాత సాఫ్ట్‌వేర్ ఏదైనా తీసేసినప్పుడు దాని అవశేషం రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన అమరికలను దాచుకునే చోట, మిగిలిపోయి ఉండవచ్చు. ‘అప్పర్ ఫిల్టర్స్’, ‘లోయర్ ఫిల్టర్స్’ అనే ఆ రెండు నమోదులను సీడీ డ్రైవుల విభాగం నుంచి తొలగిస్తే సరిపోతుంది గాని, రిజిస్ట్రీ గురించి తెలియనివారు ఆ పని తెలిసినవారితో చేయించుకోవడం, ముందుగా ఒక ప్రతి దాచుకోవడం మంచిది.

పాటతో పాటు గుయ్‌మనే హోరు కూడా వస్తోంది.

అది చాలాసార్లు ఇంటి ఎర్తింగ్ సమస్య. కంప్యూటరును ఒక గోడ సాకెట్‌కు, ఆంప్లిఫయరును మరో సాకెట్‌కు తగిలించినప్పుడు రెండింటి ఎర్త్‌ల మధ్య తేడా వల్ల 50 హెర్ట్‌జ్ హోరు పుడుతుంది. రెండింటినీ ఒకే మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి చూడండి. పాతబస్తీ, సికింద్రాబాద్‌లలోని పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉన్నా దాని వెనుక తీగే ఉండకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించడం కంప్యూటరుకే కాక మనుషులకూ అవసరం. హోరు ఎంపీ3 పాటల్లో రాకుండా సీడీ మీటను పెంచినప్పుడు మాత్రమే వస్తే, డ్రైవు నుంచి వచ్చే సన్నని తీగను కరెంటు తీగలకు దూరంగా జరపండి, లేదా డిజిటల్ పద్ధతికి మారండి.

ట్రే తెరుచుకోవడం లేదు, డిస్కు లోపలే ఉండిపోయింది.

కంప్యూటరును పూర్తిగా ఆపి, డ్రైవు ముందు ఉన్న సన్నని రంధ్రంలోకి తిన్నగా సాగదీసిన పేపర్ క్లిప్పును మెల్లగా నొక్కితే ట్రే కొద్దిగా బయటికి వస్తుంది, మిగతాది చేత్తో లాగవచ్చు. తరచూ ఇలా జరుగుతుంటే లోపలి రబ్బరు బెల్టు సాగిపోయింది.

కొత్త డ్రైవు కొనడం మేలా, పాతది బాగుచేయించడం మేలా?

లేజరు బలహీనపడిన డ్రైవును బాగు చేయించడం దండుగ. ఐడీఈ డ్రైవులు కొత్తవి దొరకడం కష్టం కాబట్టి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో వాడినది కొనవలసి వస్తుంది. కొనేటప్పుడు ఒక అచ్చు ఆడియో సీడీని, మీరు రాసుకున్న ఒక సీడీని వెంట తీసుకువెళ్లి, రెండింటిలోనూ చివరి పాటను అక్కడే పాడించి చూడండి. వాడిన డ్రైవు కంటే యూఎస్‌బీ ద్వారా తగిలించే బయటి డీవీడీ డ్రైవు మంచిదని నా అభిప్రాయం, రేపు మరో కంప్యూటరుకు కూడా అది పనికివస్తుంది. అయితే అది డిజిటల్ పద్ధతిలోనే పాడుతుంది. విండోస్ ఎక్స్‌పీ దానిని దానంతట అదే గుర్తిస్తుంది గాని విండోస్ 98కి వేరే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కావాలి. పాత యంత్రాల ఒక్క యూఎస్‌బీ ద్వారం నుంచి దానికి తగినంత కరెంటు అందకపోవచ్చు, అటువంటప్పుడు రెండు ద్వారాలకు తగిలించే జంట తల కేబుల్ వాడాలి.

పాటలను కంప్యూటరులోకి శాశ్వతంగా ఎలా తీసుకోవాలి?

విండోస్‌లో ‘ఎగ్జాక్ట్ ఆడియో కాపీ’, లైనక్స్‌లో ‘సీడీపారనోయా’ అనే ఉచిత ప్రోగ్రాములు అనుమానం ఉన్న చోటును పదేపదే చదివి సరిచూసుకుంటాయి. గీతలు పడిన డిస్కుకు గంటల సమయం పట్టినా విసుగు పడకండి. డ్రైవు వేగాన్ని తగ్గిస్తే ఫలితం తరచుగా మెరుగవుతుంది. కుదించని రూపంలో నిమిషానికి సుమారు 10 మెగాబైట్ల చోటు, 74 నిమిషాల డిస్కుకు సుమారు 780 మెగాబైట్ల చోటు అవసరమవుతుంది. ఫ్లాక్ అనే కుదింపు రూపంలో దాచితే నాణ్యత ఏమాత్రం తగ్గకుండా చాలా పాటలకు అందులో సగానికి అటూ ఇటూగా సరిపోతుంది.

అన్నీ ఒకేసారి చేయలేరు కాబట్టి ఇంట్లో రాసుకున్న డిస్కులతో మొదలుపెట్టండి. అచ్చు డిస్కులో పాట ప్లాస్టిక్‌లో అచ్చు వేసి లోహపు పూత పూసిన గుంటల రూపంలో ఉంటుంది, రాసుకున్న డిస్కులో మాత్రం అది రసాయన రంగు మీద ఆధారపడి ఉంటుంది. ఎండకూ వేడికీ ఆ రంగు క్రమంగా మారిపోతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఈ ఊరి వేడిలో రేకుల కప్పు కింద, అటక మీద పెట్టిన డిస్కులకు ఆ ముప్పు మరీ ఎక్కువ. అంగడిలో మళ్లీ దొరికే సినిమా పాటల సీడీలను ఆఖరున చూసుకోవచ్చు.